ఒడ్డున నిలిచిన నావలు

ఈ సంచిక కొరకు మన యువతీయువకులు పంపిన చిత్రములలో ఒకటి సంపాదకవర్గమునందు చిన్న చర్చకు కారణమయ్యెను. అది ఒక కళాశాల విద్యార్థిని పెన్సిలుతో వేసిన చిత్రము. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు ఒడ్డున పడవలు బాగుచేయు ఒక ఆవరణములో కూర్చుండి, రెండు ఆదివారములు శ్రమించి, ఆమె దానిని పూర్తిచేసెను. అందు మూడు పడవలున్నవి. మొదటిదానిని ఒడ్డునకు లాగి, ఇరుప్రక్కల ఊతకొయ్యలు పెట్టి నిలిపియున్నారు. దాని ప్రక్కపలకలు కొన్ని ఊడదీయబడినందున లోపలి వంపుదూలములు మనిషి ప్రక్కటెముకలవలె కనబడుచున్నవి. రెండవది బోర్లించియున్నది, దాని పలకల సందులలో నార కుక్కుచున్న పని సగములో ఆగియున్నది. మూడవది నీటిలోనే త్రాటికి కట్టబడి తన వంతు కొరకు వేచియున్నది. మనుష్యులెవరును లేరు. ఒక నిచ్చెన, ఒక కొయ్యసుత్తి, నేలమీద చిత్రికపట్టిన పొట్టు, అంతే. పాత పలకలను ఆమె గీతమీద గీత గీసి నల్లగా దిద్దెను. క్రొత్త పలకలను మాత్రము ఇంచుమించు తెల్లకాగితముగనే విడిచిపెట్టెను.

ఆ చిత్రమును చూచి మా సంపాదకవర్గమునందలి పెద్దలొకరు తల అడ్డముగా ఊపిరి. "పండుగ సంచికలో పగిలిన పడవలా? తెరచాపలెత్తి వచ్చుచున్న ఓడను వేయింపరాదా? మన పెద్దలు ఓడనెక్కి వచ్చినవారు గదా" అనిరి. ఆయన మాటలో కోపము లేదు, వెరపు ఉన్నది. కొంతసేపటికి ఆ వెరపును ఆయనయే బయటపెట్టిరి. "బాబూ, మనలను చూచి, మీరు నిజముగా తెలుగువారేనా అని అడుగువారు ఇప్పటికే ఉన్నారు. మనము పగిలిన పడవలమని మన చేతితో మనమే వ్రాసి ఇయ్యవలెనా?"

ఈ ప్రశ్న నన్ను చాల దినములు విడువలేదు. ఇది చిత్రకళకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. మరమ్మతు అనునది అవమానమా? మరమ్మతు పొందిన పిమ్మట వస్తువు పూర్వపు వస్తువేనా? ఎంత మార్చినంతవరకు అది అదియే, ఎంత మార్చిన పిమ్మట అది వేరొకటి? చెరకుతోటల సంతతివారమై, ఫిజీ దీవులనుండి ఈ అమెరికా దేశమునకు వచ్చి స్థిరపడిన మనకు ఇది కేవలము తర్కశాస్త్రపు సమస్య కాదు. ఇది మన బ్రతుకు.

ముందుగా తెరచాపల ఓడనుగూర్చి ఒక మాట. 1879 నుండి 1916 వరకు అరువదివేలకు పైగా భారతీయులు గిరిమిట్ ఒప్పందముమీద ఫిజీకి కొనిపోబడిరి. దక్షిణాదివారిని మదరాసు రేవునుండి ఎక్కించుట 1903లో ఆరంభమయ్యెను. విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాటు మొదలగు జిల్లాల తెలుగువారు అందులోనివారే. వారిలో అనేకులను మోసికొనిపోయినవి తెరచాపల ఓడలు కావు; ఫాజిల్కా, సాంథియా, సట్లెజ్ వంటి ఆవిరి ఓడలు. అది అట్లుండనిండు. ఏ ఓడయైనను దాని చుక్కాని మన పెద్దల చేతిలో లేదు. అది ఏ దిక్కునకు పోవుచున్నదో చాలమందికి తెలియదు. తెరచాపలు నిండుగా గాలి పోసికొని సాగు ఓడ చూపులకు గంభీరముగనే ఉండును. కాని ఆ గాంభీర్యము ఓడ యజమానులది, మనది కాదు. ఆ ఓడలో మనది అనదగినది ఒక్కటే పుట్టెను: ఒకే ఓడలో వచ్చినవారి మధ్య కులమును, ఊరును మించి కలిగిన జహాజీ బాంధవ్యము. తెగిపోయిన చుట్టరికముల స్థానమున క్రొత్త చుట్టరికమును అతికించుకొనుట అది. అనగా మన పెద్దలు ఓడ దిగకమునుపే మరమ్మతుపని మొదలుపెట్టిరి.

ఇంకొక సంగతి. మారిషసునందును, బర్మాయందును తెలుగువారిని పూర్వము "కోరంగీలు" అని పిలిచెడివారు. గౌతమీ గోదావరి సముద్రమున కలియుచోట, యానాము సమీపమున ఉన్న కోరంగి రేవునుండి వారు ఓడలెక్కినందున ఆ పేరు వచ్చెను. 1843లో మారిషసునకు తెలుగు కూలీలను కొనిపోయిన ఓడ పేరు సైతము కోరింగా పాకెట్. ఈ కోరంగి దేనికి ప్రసిద్ధి? ఓడలు కట్టుటకు, దెబ్బతిన్న ఓడలను బాగుచేయుటకు. బంగాళాఖాతమున తుపానులకు చిక్కిన నావలు అచ్చట ఒడ్డునకు చేరి, పలకలు మార్పించుకొని, తారు పూయించుకొని మరల సముద్రమునకు పోయెడివి. 1789లోను, 1839లోను వచ్చిన ఘోరమైన ఉప్పెనలు ఆ పట్టణమును ధ్వంసము చేసెను. గోదావరి తెచ్చిన ఒండ్రు రేవును పూడ్చివేసెను. వ్యాపారము కాకినాడకు తరలిపోయెను. కాని ఆ ప్రాంతమున తాళ్ళరేవు పరిసరములలో కొయ్యపడవల పని నశింపలేదు. సముద్రములకు ఆవల తెలుగువాడు పూర్వము ధరించిన పేరు ఒక మరమ్మతు రేవు పేరగుట కాకతాళీయమే కావచ్చును. అయినను, ఆ పెద్దలతో నేననదలచినది ఇది: మరమ్మతులోనున్న పడవ మనకు పరాయి బొమ్మ కాదు, అది మన పాత ఇంటిపేరువంటిది.

ఇక శుభాశుభముల మాట. మన దేవాలయ సంప్రదాయములో జీర్ణోద్ధరణ అను గొప్ప కార్యమున్నది. గుడి శిథిలమైనప్పుడు దానిని విడిచిపెట్టుట దోషము, బాగుచేయుట పుణ్యము. పని జరుగు కాలమున స్వామి ఎచ్చట నుండును? ఆగమవిధి ప్రకారము మూలమూర్తియందలి శక్తిని కలశములోనికి ఆవాహనచేసి, బాలాలయమను చిన్న తాత్కాలిక మందిరములో నిలిపి, అచ్చటనే నిత్యపూజలు సాగింతురు. పరంజాలు కట్టిన గోపురమును చూచి భక్తుడు "అయ్యో, నా దేవుడు పోయెను" అనుకొనడు. చేయి జోడించి బాలాలయమునకు పోవును. ఈ దేశములో మొదటి దినములలో మన భజనలు ఇండ్ల గరాజులలోను, అద్దెకు తీసికొన్న హాలులలోను జరిగెను. ప్లాస్టికు కుర్చీలు ప్రక్కకు జరిపి, బల్లమీద క్రొత్తగుడ్డ పరచి, రామపటము నిలిపి పాడితిమి. అప్పుడు కొందరు దానిని మన లేమియని చిన్నబుచ్చుకొనిరి. అది లేమి కాదు. అది బాలాలయము.

పూరీ జగన్నాథుని కథ ఇంతకన్న లోతైనది. ఆ దేవుడు దారుమూర్తి. కొయ్యకు కాలధర్మము తప్పదు. కావున అధికాషాఢము వచ్చు కొన్ని సంవత్సరములలో నవకళేబరమను ఉత్సవము జరిపి, క్రొత్త వేపదారువుతో మూర్తులను చెక్కి, పాతవాటిని భూస్థాపితము చేయుదురు. 1996లో అట్లు జరిగెను. 2015లో మరల జరిగెను. కొయ్యయంతయు మారును. కాని అర్ధరాత్రివేళ, కన్నులకు గంతలు కట్టుకొన్న సేవకులు పాతమూర్తినుండి క్రొత్తమూర్తికి ఒక రహస్యపదార్థమును మార్తురు. దానిని బ్రహ్మపదార్థమందురు. భక్తులు క్రొత్త జగన్నాథుడని అనరు. అదే జగన్నాథుడందురు. దైవవిగ్రహమునకే మరమ్మతు అవమానము కానప్పుడు మానవ సమాజమునకు ఎట్లగును?

అయితే ఇచ్చట ఒక కఠినమైన ప్రశ్న ఎదురగును. అన్నియు మార్చవచ్చునా? కొయ్యవలె భాషను మార్చి, వేషమును మార్చి, ఆహారమును మార్చి, పేర్లను మార్చి, తుదకు "మేము మేమే" యనుట న్యాయమేనా?

ఈ సమస్యను ప్రాచీనులు ఎరుగుదురు. ఏథెన్సు నగరవాసులు తమ వీరుడు థీసియసు ప్రయాణము చేసిన నావను భద్రపరచి, చీకిన పలకను తీసి క్రొత్తపలకను వేయుచు వచ్చిరని, అది అదే నావయా కాదా యని తత్త్వవేత్తలు వాదించుకొనిరని ప్లూటార్కు వ్రాసెను. మన దేశమున యవనరాజు మిలిందునకు నాగసేనభిక్షువు రథమును చూపి, ఇరుసు రథమా, చక్రము రథమా, కాడి రథమా యని ప్రశ్నించెను. ఒక్కొక్క భాగమును రథము కాదు. భాగములను విడిచి వేరే రథమును లేదు. ఆయనయే రాత్రియంతయు వెలుగు దీపమును ఉదాహరించెను. మొదటి జామున వెలిగిన జ్వాలయు, మూడవ జామున వెలిగిన జ్వాలయు ఒకటి కావు, వేరును కావు. ఒకదానినుండి ఒకటి అంటుకొనుచు వచ్చినవి.

ఈ దీపము మాట నాకు తర్కమునందు తృప్తినిచ్చెను గాని, చేతిపనియందు దారి చూపలేదు. దారి చూపినది శాన్‌ఫ్రాన్సిస్కో రేవునందు పేరుగాంచిన సి. ఏ. థేయర్ అను మూడు స్తంభముల నావ. 1895లో ఉత్తర కాలిఫోర్నియాలో కట్టబడి, మొదట కలప, తరువాత చేపలు మోసి, 1950 వరకు పనిచేసి, అనంతరము మ్యూజియము నావయైనది. దానిని అలమీడాలో కొన్ని సంవత్సరములపాటు విప్పి బాగుచేసి, 2007లో తిరిగి రేవునకు చేర్చిరి. కొయ్యలో అత్యధికభాగము క్రొత్తదే. అయినను దానిని నమూనా అనరు. థేయర్ అనియే అందురు.

ఎందుచేత? కొయ్యనావలను బాగుచేయు విధానమును గమనించినచో సమాధానము దొరకును. పాత పలకలన్నిటిని ఒకేసారి ఊడదీసి పారవేసినయెడల నావ వంపు చెడును. మిగిలినది ఒక గుట్ట. కావున కొన్ని పలకలను తీసి, మిగిలినవాటిని ఉండనిచ్చి, తీసిన పాతపలకనే కొలతగా పెట్టి క్రొత్తకొయ్యను కోసి, ఆవిరిలో మెత్తపరచి, ప్రక్కనున్న పాతపలకకు ఆనునట్లు వంచి బిగింతురు. క్రొత్తపలక తన వంపును పాతపలకవలన నేర్చుకొనును. కొంతకాలమునకు ఆ పాతపలకయు చీకిపోవును. అప్పుడు దాని స్థానమున రాబోవుదానికి ఈ క్రొత్తపలకయే ఆధారమగును. నావ అదే నావయగుటకు కారణము కొయ్యలో లేదు. పేరులో మాత్రమును లేదు. పాతదియు క్రొత్తదియు కొంతకాలము ప్రక్కప్రక్కన ఆనియుండుటలో ఉన్నది. ఆ ఆనిక తెగినచో, ఎంత అందమైన నావను కట్టినను అది వేరొక నావ.

ఇదియే ఆ ధర్మసందేహమునకు నాకు తోచిన సమాధానము. మార్పు ఎంత యని కాదు, మార్పు ఎట్లు జరిగెను అని అడుగవలెను. తాతవద్ద కూర్చుండి మనుమడు నేర్చినది, కొంచెము వంకరగా నేర్చినను, ఆ నావదే. తాతను గదిలో ఒంటరిగా విడిచి, ఎవరో ఎచ్చటనో ముద్రించిన పుస్తకమునుండి నిర్దుష్టముగా నేర్చినది, మంచిదే కావచ్చును, కాని ఆ నావ పలక కాదు.

ఇంతవరకు చెప్పినది మనకు ఊరటనిచ్చు మాట. కాని ఊరటతో ఆగినయెడల నేను అసత్యమాడినవాడనగుదును. నా సంగతి చెప్పెదను. మా అమ్మ నాతో ఇంటిలో తెలుగే మాటలాడెను. ఆ తెలుగులో ఫిజీ హిందీ కలసియుండెను. అయినను అందు ఆమె తల్లి పలుకుబడి ఉండెను. 1987లో ఫిజీలో జరిగిన సైనిక తిరుగుబాటు పిమ్మట మేము ఈ దేశమునకు వచ్చితిమి. రెండు ఉద్యోగములు చేయుచు, పిల్లలతో త్వరగా అర్థమగు ఇంగ్లీషులోనే మాటలాడితిని. మా అమ్మ ఇంటిలో పదునొకండు సంవత్సరములు జీవించెను. పాతపలక ప్రక్కనే ఉన్నది. క్రొత్తపలకలు ప్రక్కనే ఉన్నవి. రెంటిని చేర్చి బిగింపవలసిన చేయి నాది. ఆ చేయి కదలలేదు. నా పిల్లలు ఆమెను ప్రేమించిరి. ఆమె చెప్పినది వారికి సగము తెలియలేదు. ఆమె పోయిన పిమ్మట మా ఇంటిలోని ఆ పలక స్థానమున ఏమి పెట్టవలెనో నాకు తెలియదు. ఇది ఎవరి దోషమో వెదకనక్కరలేదు. మనలను తెలుగువారేనా యని అడిగినవారు నాకు నొప్పి కలిగించిరి. కాని ఆ నొప్పిలో సగము వారి అవివేకమువలనను, సగము నా మౌనమువలనను కలిగినది.

ఒక దేవాలయమున, పేరు అనవసరము, ఒక ఉత్సవదినమున మా కుటుంబము పాడిన రామభజనను విని ఒకరు నవ్విరి. "ఇది ఏ భాష?" అనిరి. మా పాటలో మాటలు అరిగియున్నవి, నిజమే. నూరు సంవత్సరములకు పైగా గ్రంథము లేక నోటినుండి నోటికి వచ్చిన పాట అది. పగలు చెరకు కోసి, రాత్రి కిరోసిను దీపమువద్ద పాడినవారి నోట అరిగినది. అరుగుట అనగా వాడబడుట. వాడని పడవకు అరుగుదల లేదు. అట్టి పడవకు మరమ్మతును అక్కరలేదు. నవ్వినవారిని నేనిప్పుడు తప్పుపట్టను. వారి పిల్లలును ఈ దేశముననే పెరుగుచున్నారు. వారి నావయు ఒకనాడు ఈ ఒడ్డునకే రావలసియున్నది. చిత్రములోని మూడవ పడవ, నీటిలో నిశ్చింతగా ఊగుచున్నది, నాకు వారినే జ్ఞాపకము చేసెను.

ఇరువదవ శతాబ్దమున వియన్నా నగరపు తత్త్వవేత్త ఆటో నాయిరాత్ మానవుల జ్ఞానమును నడిసముద్రమున తమ ఓడను తామే బాగుచేసికొను నావికులతో పోల్చెను. వారికి ఒడ్డు లేదు. ఓడను పూర్తిగా విప్పి మంచి సామగ్రితో తిరిగి కట్టు అవకాశము లేదు. తేలుచునే బాగుచేసికొనవలెను. మన స్థితియు కొంతవరకు ఇదే. జీతములు, చదువులు, వివాహములు, వృద్ధుల వైద్యము, వీటి నడుమనే భాషను, భజనను నిలుపుకొనవలెను. అన్నియు కుదిరిన పిమ్మట పిల్లలకు నేర్పుదమనుట ఒడ్డు వచ్చిన పిమ్మట బాగుచేయుదమనుటవంటిది. నేను పదునొకండు సంవత్సరములు ఆ ఒడ్డు కొరకే చూచితిని.

ఈ దేశపు చిత్రకారులలో నావలను బాగుగా ఎరిగినవాడు ఫిట్జ్ హెన్రీ లేన్. 1804లో మసాచుసెట్సు రాష్ట్రమందలి గ్లౌస్టరు రేవుపట్టణమున పుట్టెను. పసితనముననే కాళ్ళు పడిపోయెను. ఊతకర్రలతో నడచుచు జీవితమంతయు సముద్రతీరములను, నావలను చిత్రించెను. స్థలమునకు పోయి ముందు పెన్సిలుతో గీసికొని, ఒక కాగితము చాలనప్పుడు ప్రక్కన వేరొక కాగితమును అతికించి, ఇంటికి వచ్చి రంగులు వేయుట ఆయన అలవాటు. సూర్యోదయపు వెలుగులో సాగు నావలను మాత్రమేగాక, 1857లో గ్లౌస్టరులో ఒడ్డునకు లాగి బాగుచేయుచున్న మూడు స్తంభముల ఓడనుకూడ చిత్రించెను. 1865లో ఆయన మరణించెను. పిమ్మట చాలకాలము లోకము ఆయనను ఫిట్జ్ హ్యూ లేన్ అని తప్పుపేరుతో పిలిచెను. 2005 ప్రాంతమున పాత కాగితములు వెదకి, పేరు హెన్రీయని సరిదిద్దిరి. గిరిమిట్ పత్రములలో వంకరగా వ్రాయబడిన పేర్లను నేటికిని మోయుచున్న మనకు ఈ చిన్నకథలో ఒక ధైర్యమున్నది. పేరు చెడినను పని చెడలేదు. పని నిలిచినందున ఒకనాడు పేరును సరియయ్యెను.

మరియొక నావ మాట చెప్పి ముగించెదను. 1841లో కట్టిన చార్లెస్ డబ్ల్యూ. మోర్గాన్ అను తిమింగలముల వేట ఓడను కనెక్టికటులోని మిస్టిక్ రేవున 2008లో ఒడ్డునకు లాగి, 2013 వరకు బాగుచేసి, 2014లో మరల సముద్రయానమునకు పంపిరి. ఆ మరమ్మతుకు గట్టి ఓక్ దూలములు కావలసివచ్చెను. 2008లో టెక్సాసు తీరమున గాల్వెస్టనుపై వచ్చిన ఐక్ అను పెనుతుపాను అనేకమైన ఓక్ చెట్లను చంపెను. ఆ చెట్లనుండి కోసిన కొయ్య ఈ ఓడలో అమర్చబడినది. ఒకచోట తుపాను కూల్చినది వేరొకచోట నావను నిలిపినది. మన వెనుకను అట్టి తుపానులు లేకపోలేదు.

చిత్రమును ముఖపత్రముమీద వేయలేదు. అచ్చట ఎప్పటివలెనే దేవాలయ గోపురమున్నది. పెద్దల మనస్సు పూర్తిగా ఒప్పుకొనలేదు, ఆయనను ఒప్పించుట నా ఉద్దేశమును కాదు. కాని చిత్రము లోపలిపుటలలో చేరెను. అచ్చునకు పంపుటకు ముందు ఆయన దానిని మరల చేతిలోనికి తీసికొని, తెల్లగా విడిచిన పలకలమీద వ్రేలు పెట్టి, "ఇవి ఎందుకమ్మా నింపలేదు?" అని ఆ అమ్మాయిని అడిగిరి. "అవి ఇంకను ఎండకు, నీటికి తగులలేదు గదా, తాతయ్యా" అని ఆమె తెలుగులోనే చెప్పెను. వాక్యములో ఒక చోట తడబడెను. ఆయన ఆ మాటను సరిదిద్ది చెప్పిరి. ఆమె మరల పలికెను.

మన సభ్యులకు నా విన్నపము ఇంతే. ప్రతి ఇంటిలో వారమునకు ఒక గంట, ఒక పెద్దను ఒక పిల్లను ఒకచోట కూర్చుండబెట్టుడు. పాటయో, వంటయో, ఊరి కథయో, ఏదైనను సరే. మాట తడబడినచో నవ్వకుడు. పాతపలక ఉన్నప్పుడే క్రొత్తపలకకు కొలత తీసికొనవలెను.